నిర్మాత చేతిలో మిగిలేది: వెండితెర, బుల్లితెర మాటలకు వ్యాఖ్యానం

ఉషాకిరణ్ మూవీస్ మొదటి సినిమా 'శ్రీవారికి ప్రేమలేఖ' 1984లో వచ్చింది. ఆ సంస్థ అధిపతి చెరుకూరి రామోజీరావు 2024 జూన్ 8న కన్నుమూశారు. ఈ నలభై ఏళ్లలో ఆయన సినిమాలు తీశారు, పంపిణీ చేశారు, స్టూడియో కట్టారు, టీవీ ఛానెల్ పెట్టారు. తెలుగులో సినిమా నిర్మాతగా మొదలై టీవీ రంగంలోనూ ఇంత దూరం నడిచినవారు మరొకరు కనిపించరు. పత్రికాధిపతిగా, వ్యాపారిగా ఆయన గురించి అనుకూలంగానూ వ్యతిరేకంగానూ చాలామంది రాశారు. ఆయన సంస్థల మీద నడిచిన కేసులు, రాజకీయ వాదాలు ఈ వ్యాసానికి సంబంధించినవి కావు. నిర్మాతగా ఆయన నడక ఒక్కటే ఇక్కడి విషయం. ఆ నడకతో పాటు, మధ్యమధ్యలో సురేష్ ప్రొడక్షన్స్ అధినేత డి. రామానాయుడు వంటివారి అనుభవాన్నీ కలుపుకుంటూ, నిర్మాత నోట రోజూ పలికే మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తాను.

నిర్మాత

సినిమాకు డబ్బు పెట్టేవాడే నిర్మాత అని జనంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పెట్టుబడి ఫైనాన్షియర్ దగ్గర అప్పుగా దొరుకుతుంది, బయ్యర్ల దగ్గర అడ్వాన్సుగా దొరుకుతుంది. అవి రెండూ దొరికినంత మాత్రాన సినిమా పుట్టదు. మన కాపీరైట్ చట్టం ఈ విషయాన్ని చక్కగా పట్టుకుంది. సినిమా విషయంలో 'కర్త' అని ఆ చట్టం గుర్తించేది నిర్మాతనే. ఆ నిర్మాత ఎవరు అంటే, సినిమా తీయడానికి చొరవ తీసుకుని బాధ్యత వహించినవాడు అంటుంది. డబ్బు ప్రస్తావన ఆ నిర్వచనంలో లేదు.

చొరవ అంటే ఎవరికీ పట్టని కథను పట్టుకోవడం. బాధ్యత అంటే షూటింగ్ మధ్యలో హీరోకి జ్వరం వచ్చినా, సెట్టు గాలివానకు కూలినా, విడుదల రోజున కోర్టు నుంచి స్టే వచ్చినా, చివరికి జవాబు చెప్పాల్సిన మనిషి తానే కావడం. దర్శకుడు తర్వాతి సినిమాకు వెళ్లిపోతాడు. నటులు వేరే కాల్షీట్లకు వెళ్లిపోతారు. నిర్మాత మాత్రం ఆ సినిమాతోనే ఏళ్ల తరబడి కాపురం చేస్తాడు. అంత కాపురం చేశాక అతని చేతిలో ఏం మిగిలింది అన్న ప్రశ్నతోనే ఒక నిర్మాత జీవితాన్ని తూచాలని నా అభిప్రాయం. కింద వచ్చే మాటలన్నిటినీ ఆ ప్రశ్న దగ్గర పెట్టుకునే చూస్తాను.

బ్యానర్

సురేష్ ప్రొడక్షన్స్, ఉషాకిరణ్ మూవీస్, అంతకు ముందు విజయా, వాహినీ, అన్నపూర్ణ. తెర మీద బ్యానర్ బొమ్మ పడగానే ఎలాంటి సినిమా చూడబోతున్నామో ప్రేక్షకుడికి సగం తెలిసిపోయేది. థియేటర్ యజమానికి ఇంకా ముందే తెలిసేది. కొత్త నిర్మాతకు పది మాటలు చెబితే గానీ దొరకని థియేటర్, పేరున్న బ్యానర్‌కు ఒక్క ఫోన్‌తో దొరికేది. ఇవాళ ఒక్కో సినిమాకు ఒక్కో కొత్త సంస్థ పేరు పెట్టుకుని, నష్టం వస్తే ఆ పేరును అక్కడే వదిలేసే అలవాటు పెరిగింది. అప్పులవాళ్ల నుంచి తప్పించుకోవడానికి అది పనికొస్తుందేమో గానీ, ఇరవై ఏళ్లకు ఆ సినిమా ఎవరిదో చెప్పే నాథుడు ఉండడు.

సబ్జెక్ట్

ఉషాకిరణ్ బలమంతా ఇక్కడ ఉంది కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

సినిమా వాళ్లు కథ అనే మాటకంటే సబ్జెక్ట్ అనే మాటనే ఎక్కువ వాడతారు. "సబ్జెక్ట్ ఓకే అయింది" అంటే తీయాలన్న నిర్ణయం జరిగిపోయిందని. మామూలుగా తెలుగులో ఆ ఓకే ఎలా వస్తుందంటే, ముందు హీరో డేట్లు దొరుకుతాయి, తర్వాత ఆ హీరోకి సరిపోయే కథను వెతుకుతారు. ఉషాకిరణ్ తొలి పదేళ్లలో ఈ వరస తిరగబడింది.

'శ్రీవారికి ప్రేమలేఖ' పొత్తూరి విజయలక్ష్మి రాసిన 'ప్రేమలేఖ' నవల నుంచి వచ్చింది. ఆ నవల అచ్చయింది 'చతుర' మాసపత్రికలో. అది రామోజీరావు ఈనాడు సంస్థల పత్రికే. అంటే పాఠకులు చదివి నవ్విన కథ, వాళ్లు బాగుందని ఒప్పుకున్న కథ, పత్రిక నుంచి అదే ఇంటి సినిమా సంస్థకు చేరింది. జంధ్యాల దర్శకుడు. నరేష్, పూర్ణిమ జంట. పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు. అడ్రసు లేకుండా వెళ్లిన ఒక ప్రేమలేఖ చుట్టూ అల్లిన హాస్యం ఉంది.

తర్వాతి సంవత్సరం 'మయూరి'. 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ అనే నర్తకి, జైపూర్ పాదం పెట్టుకుని మళ్లీ వేదిక ఎక్కింది. ఆ వార్త దేశమంతా చదివింది. చదివినవాళ్లు అయ్యో అనుకున్నారు, భేష్ అనుకున్నారు, పేజీ తిప్పేశారు. ఒక నిర్మాత మాత్రం ఆమె చేతనే ఆమె కథను నటింపజేయాలని సంకల్పించారు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించారు. అప్పటిదాకా కెమెరా ముందుకు రాని అమ్మాయికి జాతీయ అవార్డుల్లో జ్యూరీ ప్రత్యేక పురస్కారం వచ్చింది. మార్కెట్ లెక్కలు వేసే ఏ బయ్యరూ ఆ సినిమా తీయమని ముందుగా చెప్పి ఉండడు. చట్టం చెప్పిన 'చొరవ'కు దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అదే 1985లో టి. కృష్ణ దర్శకత్వంలో 'ప్రతిఘటన'. రౌడీ రాజకీయం మీద తిరగబడిన లెక్చరర్‌గా విజయశాంతి. 1989లో 'మౌన పోరాటం'. మోసపోయిన గిరిజన యువతి భార్యగా గుర్తింపు కోసం చేసిన పోరు. ఆ సినిమాకు సంగీత దర్శకురాలు గాయని ఎస్. జానకి. 1991లో పరుగుల రాణి అశ్వినీ నాచప్ప ప్రధాన పాత్రలో 'అశ్విని'. వరసగా చూస్తే ఇవన్నీ స్త్రీ చుట్టూ తిరిగిన కథలే. పత్రిక నడిపే మనిషికి ఏ వార్త పాఠకుల మనసులో నిలుస్తుందో తెలుస్తుంది. ఆ ఎరుకే సినిమాకు సబ్జెక్ట్ అయింది.

ఫైనాన్స్, లాబ్ లెటర్

సినిమా అప్పు బ్యాంకు అప్పులాంటిది కాదు. 1998లో కేంద్రం సినిమాను పరిశ్రమగా గుర్తిస్తున్నట్లు ప్రకటించింది గానీ, మామూలు నిర్మాతకు ఆ తర్వాత కూడా దిక్కు ప్రైవేటు ఫైనాన్షియరే. వందకు నెలకు రెండు రూపాయలో మూడో వడ్డీ. విడుదల ఒక నెల వాయిదా పడితే వడ్డీ ఒక నెల పెరుగుతుంది, అంతే లెక్క.

దీనికి హామీ ఏమిటంటే, ఫిల్మ్ రోజుల్లో, లాబ్ లెటర్. నెగెటివ్ ఉండేది లాబొరేటరీలో. ఫలానా ఫైనాన్షియర్ అనుమతి లేకుండా ప్రింట్లు ఇవ్వబోమని లాబ్ రాసిచ్చే కాగితమే లాబ్ లెటర్. దాని దెబ్బ గురువారం రాత్రి తెలిసేది. తెల్లారితే విడుదల. ఊళ్లలో కటౌట్లు లేచాయి, మైకులు తిరిగాయి. లాబ్ వరండాలో ప్రింట్ల పెట్టెలు ఊరి పేర్లు రాసి పేర్చి ఉన్నాయి. ఫైనాన్షియర్ మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నిర్మాత చేతిలో ఇంకా రావాల్సిన రెండు ఏరియాల డబ్బు రాలేదు. ఆ రాత్రి సెటిల్మెంట్లలో ఎంతమంది నిర్మాతలు భార్య నగలు, ఊళ్లో పొలం, ఇంకా తీయని తర్వాతి సినిమా హక్కులు కూడా రాసిచ్చారో లెక్క లేదు. ఆఖరికి "పెట్టె కదిలింది" అన్న కబురు వస్తే, ఆ నిర్మాత అప్పటికే అన్నీ ఇచ్చేసి ఉండేవాడు. డిజిటల్ వచ్చాక పెట్టె పోయి దాని స్థానంలో కేడీఎం అనే డిజిటల్ తాళం వచ్చింది. గురువారం రాత్రి మాత్రం మారలేదు.

డి. రామానాయుడు ఈ కష్టం ఎరిగిన మనిషి. కారంచేడు రైతు కుటుంబం నుంచి మద్రాసు వెళ్లి, 1964లో ఎన్టీఆర్ ద్విపాత్రాభినయంతో 'రాముడు భీముడు' తీసి నిలదొక్కుకున్నారు. ఆ తర్వాత దెబ్బలు తిన్నారు. 1971లో 'ప్రేమనగర్' తీసేనాటికి, ఇది ఆడకపోతే సినిమాలకు దండం పెట్టేద్దామన్న స్థితిలో ఉన్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. అది ఆడింది. నూట ముప్ఫై సినిమాలతో గిన్నిస్ రికార్డు, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, అన్నీ ఆ ఒక్క విడుదల తర్వాతి సంగతులే.

రామోజీరావు సినిమాల్లోకి వచ్చేనాటికి 1962లో మొదలుపెట్టిన చిట్‌ఫండ్ వ్యాపారం, 1974లో విశాఖలో మొదలైన 'ఈనాడు' దినపత్రిక ఆయన వెనుక ఉన్నాయి. గురువారం రాత్రి భయం ఆయనకు మిగతావాళ్లకు ఉన్నట్టు లేదు. కొత్తవాళ్లతో 'మయూరి' తీసే ధైర్యంలో ఈ వెసులుబాటుకూ పాలు ఉందని ఒప్పుకోవాలి. అయితే వెసులుబాటు ఉన్న ధనవంతులు చాలామందే సినిమాల్లోకి వచ్చారు, వాళ్లంతా 'మయూరి' తీయలేదు.

ఏరియా

తెలుగు సినిమా మార్కెట్ భూగోళం వేరు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. నిజాం పాలన 1948లోనే పోయినా సినిమా లెక్కల్లో ఆయన పేరు నేటికీ నడుస్తోంది.

ఒక్కో ఏరియాను బయ్యర్ కొనే పద్ధతులు మూడు. అవుట్‌రైట్ అయితే ఆ ఏరియా హక్కు కొంత కాలానికి మొత్తంగా అమ్మేసినట్టే, లాభమైనా నష్టమైనా బయ్యర్‌దే. మినిమం గ్యారంటీ అయితే బయ్యర్ కొంత సొమ్ము ముందే ఖాయంగా ఇస్తాడు, అది, ఖర్చులు, కమీషన్ పోగా వచ్చే ఓవర్‌ఫ్లోలో నిర్మాతకు వాటా ఉంటుంది. మూడోది అడ్వాన్స్ మీద పంపిణీ. తేడా వస్తే నిర్మాత అడ్వాన్స్ తిరిగి కట్టాలి. మాటలో ఉన్నంత తేలికగా ఓవర్‌ఫ్లో చేతికి రాదు. బి, సి సెంటర్ల (చిన్న ఊళ్ల) కలెక్షన్ షీటు నిజమో కాదో మద్రాసులో కూర్చున్న నిర్మాతకు తెలిసే దారి ఉండేది కాదు. అందుకే అప్పుల ఒత్తిడిలో ఉన్నవాళ్లు అవుట్‌రైట్‌గా అమ్మేసుకుని, సినిమా శతదినోత్సవం చేసుకున్నా దాని లాభం వేరేవాళ్లకు పోవడం చూస్తూ ఊరుకున్నారు.

పంపిణీ కూడా తన చేతిలో ఉంటేనే ఈ బాధ తప్పుతుంది. మయూరి పేరుతోనే పంపిణీ సంస్థ నడపడం రామోజీరావు చేసిన తెలివైన పనుల్లో ఒకటి. సురేష్ ప్రొడక్షన్స్ కూడా అదే దారిలో పంపిణీలోకి, థియేటర్లలోకి వెళ్లింది.

కాల్షీట్

నటుడు, టెక్నీషియన్ ఇచ్చే పని పూట. ఉదయం తొమ్మిదికి మొదలైన షిఫ్టు సాయంత్రం ఆరు దాటితే అదనపు బేటా (బత్తా). ప్రొడక్షన్ మేనేజర్ చంకలో సంచితో తిరుగుతూ లైట్‌బాయ్‌లకు, డ్రైవర్లకు, మేకప్ వాళ్లకు పేకప్ వేళకు బేటా లెక్కపెట్టి ఇస్తాడు. షూటింగ్ మొదటి రోజు కొబ్బరికాయ కొట్టడానికి, చివరి రోజు గుమ్మడికాయ కొట్టడానికి మధ్య ఎన్ని కాల్షీట్లు పడ్డాయన్నదే బడ్జెట్. రామానాయుడు షూటింగ్ ఉన్న రోజున లొకేషన్‌లోనే ఉండే నిర్మాత. తన సినిమాల్లో ఏదో ఒక చిన్న వేషంలో కనిపించేవారు కూడా. ఆ కాలపు నిర్మాత సెట్లో ఉంటే కాల్షీటు వృథా కాదన్నది సిబ్బందికి తెలిసిన సంగతి.

రీమేక్

ఒక కథను ఎన్నిసార్లు పండించుకోవచ్చో ఈ మాట చెబుతుంది. 'ప్రేమనగర్' తమిళంలో శివాజీ గణేశన్‌తో 'వసంత మాళిగై' అయింది, హిందీలో రాజేష్ ఖన్నాతో మళ్లీ 'ప్రేమ్‌నగర్' అయింది. 'ప్రతిఘటన' 1987లో ఎన్. చంద్ర దర్శకత్వంలో ఉషాకిరణ్ సంస్థ నుంచే హిందీ 'ప్రతిఘాత్'గా వచ్చింది. తెలుగులో కాళిగా భయపెట్టిన చరణ్‌రాజ్ అక్కడా అదే వేషం కట్టారు. హక్కులు వేరేవాళ్లకు అమ్మేసి చేతులు దులుపుకోకుండా, ఆ భాషలో కూడా తామే తీయడం గమనించాల్సిన విషయం.

2000లో 'నువ్వే కావాలి' ఎటు నుంచి వచ్చిందో చూడండి. మలయాళంలో కమల్ తీసిన 'నిరమ్' దాని మూలం. నిర్మాత స్రవంతి రవికిశోర్‌తో కలిసి, కె. విజయభాస్కర్ దర్శకత్వంలో, త్రివిక్రమ్ మాటలతో రామోజీరావు తీశారు. హీరోగా తరుణ్‌కు అదే మొదటి సినిమా. స్నేహితులు ప్రేమికులయ్యే ఆ కథ తెలుగు కాలేజీ పిల్లల్ని ఊపేసింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. అదే సంవత్సరం తేజను దర్శకుడిగా, ఉదయ్‌కిరణ్‌ను హీరోగా పరిచయం చేసిన 'చిత్రం' వచ్చింది. మరుసటి ఏడాది జూనియర్ ఎన్టీఆర్ హీరోగా మొదటి సినిమా 'నిన్ను చూడాలని'. 2003లో 'నువ్వే కావాలి' కథే హిందీలో 'తుఝే మేరీ కసమ్' అయింది. రితేష్ దేశ్‌ముఖ్, జెనీలియా ఇద్దరూ దానితోనే తెరకు వచ్చారు. ఈ సినిమా దగ్గరికి శాటిలైట్ హక్కుల మాట దగ్గర మళ్లీ వస్తాను.

ఫ్లోర్

స్టూడియోలో గోడలు, పైన లైట్లు కట్టే క్యాట్‌వాక్‌లు ఉన్న షూటింగ్ హాలు. దాని అద్దె రోజుల లెక్కన కడతారు. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలే క్రమంలో అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలు ఇక్కడ లేచాయి. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్‌సిటీ ఆ ఆలోచనను ఒక ఊరంత చేసింది. 1,666 ఎకరాలు, ప్రపంచంలో అతిపెద్ద స్టూడియోగా గిన్నిస్ గుర్తింపు. స్క్రిప్టు పట్టుకుని వస్తే ప్రింటు పట్టుకుని వెళ్లవచ్చన్నది దాని ఉద్దేశం. రైల్వే స్టేషన్, విమానాశ్రయం, తోటలు, వీధులు అక్కడే ఉంటాయి. 'బాహుబలి' సినిమాకు మాహిష్మతి సెట్టు లేచింది అక్కడే.

అయితే నా అభిప్రాయం ఒకటి దాచకుండా చెప్పాలి. స్టూడియో పెరిగేకొద్దీ ఉషాకిరణ్‌లో 'మయూరి' తీసిన నిర్మాత వెనక్కి జరిగాడు. కొత్త శతాబ్దంలో ఆ బ్యానర్ ప్రేమకథలు తీసింది, విజయాలూ చూసింది. 'ప్రతిఘటన' లాంటి సబ్జెక్ట్ మళ్లీ ముట్టుకోలేదు. ఇతరుల షూటింగులకు, పర్యాటకులకు నీడనిచ్చే వ్యాపారం నిలకడైన ఆదాయం తెస్తుంది. ఆ నిలకడ దొరికాక ఎవరూ అడగని కథను నెత్తికెత్తుకునే అవసరం తగ్గుతుంది. తెలుగు సినిమాకు అది నష్టమే.

స్పాన్సర్డ్, కమిషన్డ్

టీవీ నిర్మాత బతుకు ఏ పక్కకు తిరుగుతుందో ఈ రెండు మాటలు నిర్ణయిస్తాయి.

దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఎక్కువగా నడిచింది స్పాన్సర్డ్ పద్ధతి. నిర్మాత తన ఖర్చుతో సీరియల్ తీస్తాడు, ప్రసారానికి దూరదర్శన్‌కు రుసుము కడతాడు, దానికి బదులుగా కొన్ని సెకన్ల ప్రకటనల సమయం పొందుతాడు. ఆ సెకన్లను సబ్బుల కంపెనీలకో టూత్‌పేస్టు కంపెనీలకో అమ్ముకుని డబ్బు రాబట్టుకోవాలి. పదమూడు వారాల లెక్కన అనుమతులు నడిచేవి. కష్టమంతా నిర్మాతది, సీరియల్ కూడా నిర్మాతదే. హిందీ సినిమా నిర్మాత రామానంద్ సాగర్ 1987 జనవరి 25న మొదలుపెట్టిన 'రామాయణ్' 78 ఎపిసోడ్లు నడిచింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ దాన్ని మళ్లీ ప్రసారం చేయాలనుకున్నప్పుడు, వెళ్లి అడగాల్సి వచ్చింది సాగర్ కుటుంబాన్నే. ముప్ఫై మూడేళ్ల తర్వాత కూడా దేశమంతా ఇళ్లలో కూర్చుని ఆ సీరియల్ చూసింది.

ప్రైవేటు ఛానెళ్లు వచ్చాక కమిషన్డ్ పద్ధతి రాజ్యమేలింది. ఛానెల్ ఎపిసోడ్‌కు ఇంత అని ఇస్తుంది. నిర్మాత ఆ మొత్తంలో తీసి, అందులోనే తన లాభం మిగుల్చుకోవాలి. నష్టభయం తక్కువ, నెల తిరిగేసరికి చెక్కు వస్తుంది. బదులుగా సీరియల్, దాని పేరు, పాత్రలు, అన్ని హక్కులూ ఛానెల్‌కే. వెయ్యి ఎపిసోడ్లు తీసిన నిర్మాత కూడా తన సీరియల్ మొదటి ఎపిసోడ్‌ను ఛానెల్ అనుమతి లేకుండా ఎక్కడా వేయలేడు. చొరవ, బాధ్యత అతనివి. చేతిలో మిగిలేది ఆ నెల చెక్కు.

నిర్మాతకూ ఛానెల్‌కూ మధ్య ఉన్న ఈ బేరం బల్లకు రామోజీరావు అటు, ఛానెల్ వైపు కూర్చున్నారు. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. 1996 నుంచి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నడిపిన 'పాడుతా తీయగా' తెలుగు ఇళ్లలో పిల్లల చేత పాటలు పాడించింది. ఆ తర్వాత ఇతర భాషల్లోకీ ఈటీవీ వెళ్లింది. ఆ ఛానెళ్లను 2014 నాటికి టీవీ18 సంస్థ తీసుకుంది. మరాఠీ, కన్నడ, బంగ్లా ఈటీవీలు తర్వాత కలర్స్ పేరుతో కొనసాగాయి.

బల్లకు ఇటు, నిర్మాత వైపు నుంచి గట్టిగా నిలబడినవారూ ఉన్నారు. 'అంకుశం', 'అమ్మోరు', 'అరుంధతి' తీసిన శ్యాంప్రసాద్ రెడ్డి, మల్లెమాల సంస్థ ద్వారా ఈటీవీకి 'ఢీ', 'జబర్దస్త్' అందించారు. ఒక్కో సినిమాకు ఏళ్లు తీసుకున్న మనిషి వారం వారం కార్యక్రమం అందించే సంస్థను నడపడం మామూలు మార్పు కాదు.

ఎపిసోడ్ బ్యాంక్

రోజువారీ సీరియల్‌కు సోమవారం నుంచి శనివారం దాకా ప్రసారం. ప్రసారానికి ముందే తీసి పెట్టుకున్న ఎపిసోడ్ల నిల్వ పేరే బ్యాంక్. అది పదిహేను ఎపిసోడ్లుంటే నిర్మాత నిద్రపోతాడు. రెండుకు దిగితే యూనిట్ అంతా నిద్ర మానుతుంది.

అరగంట స్లాటులో ప్రకటనలు పోగా కథకు దొరికేది ఇరవై రెండు నిమిషాలు. షూటింగ్ జరిగేది అద్దె బంగళాలో. కింద హాలు నాయిక అత్తగారిల్లు, మేడ మీది గది విలన్ ఆఫీసు, అదే గదికి ఆకుపచ్చ తెర కట్టి సెలైన్ స్టాండ్ పెడితే ఆస్పత్రి. వంటింట్లో సీను నడుస్తుంటే పెరట్లో మెస్ వాళ్లు యూనిట్‌కు సాంబారు కాస్తుంటారు, టేక్ మొదలవగానే "సైలెన్స్" అన్న కేకకు గరిటె ఆగిపోతుంది. రచయిత దగ్గర నుంచి సీన్ పేపర్ పొద్దున్నే వాట్సాప్‌లో వస్తుంది. నటి మేకప్ చేయించుకుంటూ ప్రాంప్టర్ చేత చదివించుకుంటుంది. ఆమె రేపు ఇంకో సీరియల్‌కు వెళ్లాలి కాబట్టి, వచ్చే వారం ఆమె ఏడవాల్సిన ఏడుపులు కూడా ఇవాళే తీసేస్తారు.

ఈ వేగాన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇన్ని చేతులకు ఏళ్ల తరబడి నెలనెలా పని చూపిస్తున్నది ఈ రంగమే. ఆ జీతాలన్నీ సకాలంలో అందేలా చూసే టీవీ నిర్మాతకు సన్మానసభల్లో కుర్చీ దొరకదు.

టీఆర్పీ

కార్యక్రమాన్ని ఎందరు చూశారో చెప్పే, గురువారం వచ్చే అంకె. ఎంపిక చేసిన ఇళ్లలో పెట్టిన మీటర్ల ఆధారంగా 2015 నుంచి బార్క్ సంస్థ దీన్ని లెక్క కడుతోంది. ఆ అంకె పడితే ఛానెల్ నుంచి ఫోన్ వస్తుంది, కథ మలుపు తిరుగుతుంది, కొన్నిసార్లు పాత్ర చచ్చిపోతుంది.

శాటిలైట్ హక్కులు

ప్రైవేటు ఛానెళ్లు వచ్చేదాకా పాత సినిమాకు విలువ లేదనే అందరూ అనుకున్నారు. సెకండ్ రన్ అయిపోయాక నెగెటివ్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అనిపించింది. ఆ నమ్మకంతో ఎందరో నిర్మాతలు, వాళ్లు పోయాక వాళ్ల పిల్లలు, టీవీ హక్కుల్ని కొద్దిపాటి సొమ్ముకు, కాలపరిమితి చూసుకోకుండా సంతకం పెట్టి ఇచ్చేశారు. తర్వాత ఆ సినిమాలే పండగ పూట పదేపదే వేసి ఛానెళ్లు ప్రకటనలు అమ్ముకున్నాయి. యూట్యూబ్, ఓటీటీలు వచ్చాక అవే సినిమాలు మరోసారి డబ్బయ్యాయి. తీసినవాళ్ల కుటుంబాలకు అందులో పైసా రాలేదు. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లే అని చట్టం అంటుంది. ఆ నిబంధన తెలిసి సంతకం పెట్టినవాళ్లు ఎంతమంది?

'తుఝే మేరీ కసమ్' సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2003లో విడుదలైన ఆ సినిమా ఇరవై ఏళ్లకు పైగా ఏ ఓటీటీలోనూ దొరకలేదు. జెనీలియా, రితేష్ పెళ్లి చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, వాళ్ల తొలి సినిమా చూద్దామంటే అభిమానులకు దారి లేదు. హక్కులు సంస్థ దగ్గరే ఉండిపోయాయి. 2024 సెప్టెంబరు 13న అది మళ్లీ థియేటర్లకే వచ్చింది. అన్నేళ్లు దాచిపెట్టడం ప్రేక్షకుల పట్ల న్యాయమా అని అడగవచ్చు, నేనైతే న్యాయం కాదనే అంటాను. కానీ ఎప్పుడు, ఎక్కడ చూపించాలన్న నిర్ణయం తీసినవాళ్ల చేతిలోనే ఉందన్న మాట వాస్తవం.

నెగెటివ్

సినిమా మీద కాపీరైట్ విడుదలైన సంవత్సరం ముగిశాక 60 ఏళ్లు. ఆ లెక్కన 1964 నాటి 'రాముడు భీముడు' సినిమా మీద ఆ హక్కు 2024తో తీరిపోయింది. పాటలు, మాటలు రాసినవారి హక్కులు వేరే లెక్కలో ఉంటాయి. 'శ్రీవారికి ప్రేమలేఖ'కు 2044 చివరి దాకా గడువుంది. కాగితం మీద హక్కు ఎంత కాలం ఉన్నా, నెగెటివ్ వెనిగర్ వాసన వేయడం మొదలెడితే ఆ ఫిల్మ్ కుంచించుకుపోయి పనికిరాకుండా పోతుంది. మద్రాసు లాబ్‌లు ఒక్కొక్కటే మూతపడ్డప్పుడు బాకీలు తీర్చని సినిమాల డబ్బాలు దిక్కులేనివయ్యాయి. మన తొలి టాకీలు చాలావరకు ఇప్పుడు దొరకవు.

మీ తాతగారో నాన్నగారో ఎప్పుడో ఒక సినిమా తీసి ఉంటే, దయచేసి రెండు పనులు చేయండి. అటక మీద, బీరువాలో ఉన్న పాత ఒప్పందాల కాగితాలు ఒక లాయరుకు చూపించి, ఏ హక్కు ఎంత కాలానికి ఎవరికి ఇచ్చారో తెలుసుకోండి. ఫిల్మ్ డబ్బాలు ఎక్కడైనా ఉన్నాయని తెలిస్తే, అవి ఏ స్థితిలో ఉన్నా సరే, పూనేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు పెట్టండి. ఒక్క రీలు దొరికినా వాళ్లు తీసుకుంటారు.